రెండు సోలల బియ్యం

నకిరేకల్ బజారులో అండాలమ్మ వస్తుంటే, మనిషి కంటే ముందు ఆయాసం వినబడుతుంది. ఇంటి నుంచి దవాఖానకు చేరేలోపు మూడు అరుగుల మీద కూర్చుంటుంది. కూర్చున్న ప్రతిసారీ కొంగుతో మెడ మడతల్లో చెమట తుడుచుకుంటుంది. లేచేటప్పుడు మోకాళ్ల మీద చేతులానించి దేవుణ్ణి పిలుస్తుంది. పలకరించేవాళ్లు ఉంటారు గానీ పక్కన కూర్చునేవాళ్లు లేరు. ఆముదాల వ్యాపారం చేసిన భర్త పోయి నాలుగేళ్లయింది. పిల్లలు కలగలేదు.

ఆ రోజు డాక్టరు ఆమె జబ్బకు పట్టీ చుట్టి రక్తపోటు చూసి, తల అడ్డంగా ఊపాడు.

“గీ బరువు నీ గుండె మొయ్యదమ్మా. పొద్దుగాల వాగు దాకా నడువు. రాత్రికి ఒక్క జొన్నరొట్టె చాలు. పగటి అన్నం సగం జెయ్యి. ఎంత వండుతున్నవ్?”

“రెండు సోలలు, సారూ.”

“ఇంట్ల ఎంతమంది?”

“నేనొక్కదాన్నే.”

“మరి రెండు సోలలెందుకు?”

అండాలమ్మ తన చేతుల వైపు చూసుకుంది.

“పెండ్లయిన కాడికెల్లి చేతికి గదే అలవాటు, సారూ. ఆయన వంతు మిగిలిపోతది. అన్నం పారెయ్య బుద్ధి గాదు. నేనే తింటున్న.”

మర్నాడు ఆమె ఒక సోల కొలిచి కుండలో పోసింది. రెండోసారి బియ్యంలో చెయ్యి పెట్టి, ఆగి, ఖాళీ సోలను బియ్యం మీదే బోర్లించింది. ఉడికిన అన్నం కుండలో సగానికే వచ్చింది. భర్త పోయిన రోజు ఆమెతో కలిసి ఏడవడానికి ఇంటినిండా చుట్టాలున్నారు. ఈసారి పొయ్యి ముందు ఒక్కతే కూర్చుని ఏడ్చింది.