మనోళ్లు లోపలున్నరు

నా చిన్నప్పుడు మా గోదావరిఖనిలో ఏ చెట్టు ఆకు ముట్టుకున్నా అరచేయి నల్లబడేది. బొగ్గు లారీలు పోయే దారి పక్కనున్న మొక్కలైతే అసలు ఏ రంగువో చెప్పడం కష్టం. అలాంటి చోట ఊరి చివరన, ప్లాస్టిక్ షీటు కప్పిన పాలీహౌస్ కట్టి, అందులో కీరదోస తీగలు పాకించాడు మా కాక. తెలంగాణ ఇంకా రాని రోజులవి. మా వైపు పాలీహౌస్ అంటే అప్పటికి వింతే. దాన్ని చూడటానికి వచ్చిన వాళ్లు లోపలికి తొంగిచూసి, "ఏంది, తోటకు రెయిన్‌కోటు తొడిగినవా?" అని నవ్విపోయేవాళ్లు.

మా కాక అంటే మా బాపుకు, అదే మా నాన్నకు, తమ్ముడు. ఇద్దరూ బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసినవాళ్లే. కాకకు ఊపిరితిత్తులు దెబ్బతిని, ముందుగానే ఉద్యోగం వదులుకున్నాడు. ఇక దుమ్ములో అడుగు పెట్టొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. ఈ పంట చేతికొస్తే బతుకు దారిన పడుతుంది. పోతే, నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు పనికి పోవాల్సిందే, మళ్లీ ఆ దుమ్మే. ఆ మాట వస్తే మా ఇంట్లో ఎవరో ఒకరు లేచి మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లేవాళ్లు.

చలి తగ్గి ఎండ చురుక్కుమనడం మొదలయ్యాక తీగలకు జబ్బు చేసింది. ఆకుల మీద పసుపు చుక్కలు, అడుగున సాలెగూడు లాంటి సన్నని బూజు. ఎర్రనల్లి. సూదిమొన కన్నా చిన్న పురుగు, ఆకు రసం పీల్చి ఎండగొట్టేస్తుంది. కాక ఒకదాని తర్వాత ఒకటి మందులు కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ కొన్నాళ్లు తగ్గినట్టే తగ్గి, అంతకు రెట్టింపుగా లేచేది. కాక తిండి మానేసి తీగల మధ్యే తిరిగేవాడు. ఆయన దగ్గు వింటుంటే నాకు ఏడుపొచ్చేది.

మా పక్కింట్లో మెకానిక్ చాచా వాళ్ల అమ్మాయి ఉండేది. నేను అక్క అన్నట్టు ఆపా అని పిలిచేదాన్ని. జగిత్యాలలో వ్యవసాయం చదువుతూ సెలవులకు ఇంటికొచ్చేది. ఆమె ఒక ఆకు తిప్పి భూతద్దంతో చూసి, "దుమ్ము పడ్డ ఆకంటే ఎర్రనల్లికి పండుగ కాకా. ఇగ మందు బందు చెయ్యి. దీన్ని తినే నల్లి ఉన్నది, నేను తెస్త" అంది. మిగిలిన మందు ప్రభావం పోయేదాకా ఆకుల మీద నీళ్లు కొట్టి దుమ్ము కడగమంది, కింద నేల తడిగా ఉంచమంది. కాక ఒక్క ప్రశ్న వేయకుండా అన్నీ చేశాడు. అడగడానికి ఆయన దగ్గర ఇంకేం మిగల్లేదు పాపం.

కొన్నాళ్లకు ఆపా టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. సేమియా తెచ్చిందనుకుని మా చిన్నమ్మ, అంటే కాక భార్య, ఆశగా మూత తీసింది. లోపల తడిగుడ్డలో చిక్కుడాకులు, వాటి మీద కంటికి ఆనీ ఆనని చుక్కలు పరుగెత్తుతున్నాయి. చిన్నమ్మ డబ్బా దూరంగా పెట్టి, "పురుగు పట్టిందని ఏడుస్తుంటే, ఇంకో పురుగును సుట్టమోలె తీసుకొస్తరా?" అని తల కొట్టుకుంది. ఆపా, కాక, నేను కలిసి ఆ ఆకులను ముక్కలు చేసి, జబ్బు ఎక్కువున్న తీగల మీద ఒక్కొక్కటిగా పెట్టాం. భూతద్దంలో చూస్తే ఎర్రనల్లి బద్ధకంగా కదులుతుంటే, ఆపా తెచ్చిన వేటనల్లి కాలు నిలవకుండా ఉరుకుతోంది. నాకు అప్పుడే అది నచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే పోయి చూశాను. ఏమీ మారలేదు. ఆ మర్నాడూ అంతే. నాకు ఓపిక అనేది పుట్టుకతోనే లేదు. పోయి కాకను సతాయించాను. ఆయన నవ్వి, నన్ను గట్టు మీద కూర్చోబెట్టి, బాయి దగ్గర ల్యాంపు రూమ్ సంగతి చెప్పాడు. లోపలికి దిగే ప్రతి మనిషీ తన నంబరు బిళ్ల అక్కడిచ్చి, టోపీకి పెట్టుకునే లైటు తీసుకుంటాడు. ఆ బిళ్ల కొక్కానికి వేలాడుతున్నంతసేపు ఆ మనిషి లోపల పనిలో ఉన్నట్టే. "మీ బాపు లోపల పని చేస్తుంటే నీకు కనబడ్తడా బిడ్డా? బొగ్గు పైకొచ్చినంకనే తెలుస్తది. గట్లనే ఇది. మనోళ్లు లోపలున్నరు."

నాకు ఆ మాట ఎంత నచ్చిందంటే, ఆ సాయంత్రమే సోడాబండి దగ్గర పడి ఉన్న మూతలన్నీ ఏరుకొచ్చాను. వాటిని రాయితో చదును చేశాను. కాక మేకుతో చిల్లులు కొట్టి దారాలు కట్టాడు. వేటనల్లిని వదిలిన ప్రతి తీగకూ ఒక్కో బిళ్ల వేలాడదీశాం. గాలి వీస్తే అవి చిన్నగా గలగలమనేవి.

అసలు గండం ఆ తర్వాత రెండు వారాలకు వచ్చింది. కాక ఆ రోజు పరీక్షల కోసం కరీంనగర్ దవాఖానకు పోయాడు. ఆపా కాలేజీకి తిరిగి వెళ్లిపోయింది. నైట్ షిఫ్టు దిగి వచ్చిన బాపు, ఇంటికైనా పోకుండా పాలీహౌస్‌లో తొంగిచూశాడు. పాత ఆకులు ఎండి వేలాడుతున్నాయి. ఆపా తెచ్చిన నల్లి సంగతి విని ఉన్నా, దానితో అయ్యేది కాదని, తమ్ముడి తోట పోతోందని అనుకున్నాడు. స్ప్రేయరులో మందు నింపి వీపుకు తగిలించుకుని లోపలికి వచ్చాడు.

నేను సాలు మధ్యలో ఉన్నాను. నైట్ షిఫ్టు దిగిన బాపుకు ఎదురు చెప్పే ధైర్యం మా ఇంట్లో పెద్దవాళ్లకే లేదు. ఆయన చేసేది తమ్ముడి మీద ప్రేమతోనే అని నాకూ తెలుసు. ఆ మందు ఒక్క చుక్క పడితే మా వేటనల్లి పని అయిపోయినట్టే అని కూడా తెలుసు. బాపు స్ప్రేయరు గొట్టం పైకెత్తాడు. అది దారానికి తగిలి బిళ్ల గలగలమంది.

"ఇవేందే?" అన్నాడు.

"బిళ్లలు బాపూ. మనోళ్లు లోపలున్నరు."

మా బాపు బాయిలో పేలుళ్ల పని చేసేవాడు. దగ్గర్లో ఒక్క మనిషి ఉన్నాడన్న అనుమానం ఉన్నా, పైనుంచి ఎవరు తొందరపెట్టినా, ఆయన చెయ్యి కదిలేది కాదు. ఆ చెయ్యే ఇప్పుడూ ఆగిపోయింది. సాలు పొడవునా వేలాడుతున్న మూతలను చివరిదాకా చూశాడు. స్ప్రేయరు దించి బయటపెట్టి వచ్చి, "ఏరీ, సూపియ్" అన్నాడు.

పాత ఆకు ఎండితే మళ్లీ పచ్చబడదని, కొత్త చిగురును చూడాలని ఆపా చెప్పింది నాకు. చిగురాకు తిప్పి, భూతద్దం బాపు చేతికిచ్చాను. బాపు చాలాసేపు చూశాడు. ఎర్రనల్లి ఎక్కడో ఒకటి అరా. వాటి మధ్య మా ఉరుకులవాళ్లు గుంపులు గుంపులు. "వారీ! మస్తు కొడుతున్నరు కదనే" అని బాపు అక్కడే చతికిలబడి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. నేను ఆ సాలంతా గంతులేశాను.

తర్వాత తీగలు లేచిన తీరు చూడాలి! కప్పు తగిలేదాకా పాకి, కాయ మీద కాయ కాశాయి. మొదటి కోతను కాక బాయి గేటు దగ్గరికి తీసుకుపోయాడు. షిఫ్టు దిగి వచ్చే వాళ్లందరికీ కాయలు కోసి ఉప్పు, కారం చల్లి పెట్టాడు. రెయిన్‌కోటు అని నవ్వినవాళ్లే చేతులు చాచి మళ్లీ అడిగారు. బాపు పక్కన నిలబడి, "మా తమ్ముని తోటల నల్లి కూడ డ్యూటీ చేస్తది" అని వచ్చినవాళ్లకల్లా చెప్పాడు. కాక మళ్లీ బొగ్గు దుమ్ములోకి పోలేదు. ఇప్పటికీ ఆ తోటలోనే ఉన్నాడు.

నన్నిప్పుడు పెద్దమ్మా, అత్తా అని పిలిచే పిల్లలున్నారు. నా చిన్న కొడుకు మాటలు చాలా ఆలస్యంగా నేర్చాడు. డాక్టరు పరీక్షించి, భయం లేదు, రోజూ మాట్లాడిస్తూ ఆగండి అన్నా, చుట్టాలు ఊరుకోలేదు. ఆ మందు పొయ్యండి, ఈ తాయెత్తు కట్టండి అంటూ రోజుకొకరు చెప్పేవాళ్లు. నా ఓపిక ఎంతదో ముందే చెప్పాను కదా. అప్పుడు పెట్టె వెతికి, తుప్పు పట్టిన ఒక సోడా మూత తీసి వాడి ఉయ్యాల తాడుకు కట్టాను, కాకకూ ఆ సంగతి చెప్పాను. రోజూ వాడితో కబుర్లు చెబుతూ ఊపుతుంటే అది గలగలమనేది. ఒక మధ్యాహ్నం వాడు దాన్ని వేలితో చూపించి, "బిల్ల" అన్నాడు. నేను ఏడుస్తూ నవ్వుతూ కాకకు ఫోన్ చేశాను. విషయం చెప్పకముందే ఆయన నా గొంతు పట్టేశాడు. "మనోడు పైకొచ్చిండా బిడ్డా?" అన్నాడు.