కూడిక కోసం కొత్త లైటు

లాజరస్ బతికుండగా ఆ అద్దాల తొట్టిని వెక్కిరించనివాడు మా వీధిలో లేడు. మైపాడు దగ్గర రొయ్యపిల్లల హేచరీలో పగలంతా ఉప్పునీళ్ళతో గడిపే మనిషి ఇంటికొచ్చి మళ్ళీ ఉప్పునీళ్ళ ముందే కూర్చుంటే ఎవరికైనా నవ్వు రాదా? పైగా అందులో పెంచేది చేపల్ని కూడా కాదు, పగడాలను. పగడమంటే ఉంగరంలో పొదిగే రాయని మా లెక్క. అవి ప్రాణమున్నవనీ, పొద్దున లైటు వేయగానే సన్నటి వేళ్ళు చాపి విచ్చుకుంటాయనీ అతను చెబితే తలూపి ఊరుకునేవాళ్ళం.

పోయినేడు గుండెపోటుతో లాజరస్ పోయాడు. పిల్లలు లేరు. తొట్టి తీసేయమని అందరూ సలహా ఇచ్చారు. సలహాలకు మా వీధిలో ఎప్పుడూ కరువు లేదు. అతని భార్య జయశీల మాత్రం తీయలేదు. హేచరీవాళ్ళను బతిమాలి, వడకట్టిన సముద్రపు నీళ్ళు డబ్బాల్లో పోయించుకుని ఆటోలో తెచ్చుకునేది.

"ఆయన చేత్తో పెట్టినవాటిల్లో ఇంకా ప్రాణంతో ఉండేది ఇవే అక్కా" అని మా ఆవిడతో ఒకసారి అంది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరమూ ఆ తొట్టిని గురించి నవ్వలేదు.

ఎండాకాలం పోయేసరికి పాత ట్యూబులైట్లు మందగించాయి. పగడాలు ముడుచుకోసాగాయి. వాటికి లైటే ఎండ, ఎండే తిండి. లాజరస్ సరుకు కొనే చెన్నై దుకాణానికి ఫోన్ చేసి జయశీల సలహా అడిగింది. నీలం ఎక్కువుండే ఎల్ఈడీ లైటు తీసుకోమనీ, ఎత్తున వేలాడదీసి సన్నగా మొదలుపెట్టి వారం వారం కాస్త పెంచుకుంటూ పొమ్మనీ చెప్పారు. మసకకు అలవాటు పడ్డవాటి మీద ఒక్కసారిగా వెలుతురు కుమ్మరిస్తే చచ్చిపోతాయట. ఆమె తన తొట్టికి సరిపడా చిన్న లైటొకటి ఎంచి పెట్టుకుంది.

అప్పుడు దిగాడు మరిది బెన్హర్. పెళ్ళిళ్ళకూ సువార్త సభలకూ స్టేజీ లైట్లు కట్టడం అతని పని. చెడ్డవాడు కాడు. చెడ్డవాడే అయితే గుమ్మంలోనే ఆపేసి ఉండొచ్చు. అన్న పోయి ఏడాది కావస్తోంది, జ్ఞాపకార్థం ప్రార్థన కూడిక పెట్టాలి. మా సంఘంలో ఫొటో ముందు దీపం పెట్టరు, తప్పంటారు. కానీ షామియానా నుంచి వీధి మొగదాకా లైట్లు మాత్రం వెలగాల్సిందే. ఎంత వెలుగుంటే పోయినవాడికి అంత గౌరవమట! కూడికకు రెండు రోజుల ముందే బెన్హర్ ఆమె ఎంచినదానికి రెండింతల లైటు తెచ్చి తొట్టిమీద బాగా కిందికి దించి బిగించాడు. పక్కనే లాజరస్ ఫొటో నిలబెట్టి, లైటు పూర్తిగా పెంచాడు.

జయశీల లైటుకున్న మర తిప్పి వెలుతురు తగ్గించింది. అతను మళ్ళీ పెంచాడు.

"కొంచెం కొంచెంగా పెంచాలని చెప్పినారు అబ్బయ్యా. ఇంత పెడితే చచ్చిపోతాయి."

"రెండు రోజులకేమవుద్ది వదినా? విశ్వాసులందరూ వస్తారు. మా అన్న ఇంట్లో వెలుతురుకు గూడా పిసినారితనమా?"

దొరవారిసత్రం నుంచి వచ్చిన చుట్టాలు అక్కడే ఉన్నారు. "మొగుడి కూడిక కంటే ఈ పురుగులెక్కువైనాయా?" అని వాళ్ళలో ఒకామె ఆమెకు వినబడేలాగే అంది. ఏడాది నిండని విధవరాలికి ఆ మాట చాలు. మర మీద నుంచి చెయ్యి తీసేసి వంటింట్లోకి పోయింది.

కూడిక నాటికి పగడాలు ఊదారంగూ పచ్చరంగూ పోయి తెల్లగా పాలిపోయాయి. రంగు పోవడం వాటికి చావు ముందర జబ్బని జయశీలకూ, ఆమె నోట విన్న మాకూ తప్ప ఎవరికీ తెలియదు. వచ్చినవాళ్ళు తొట్టి చుట్టూ మూగి సెల్‌ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. పాస్టరుగారైతే ఆ తెలుపును లాజరస్ పరిశుద్ధ జీవితానికి సాక్ష్యమంటూ ప్రార్థన చేశారు. అందరూ ఆమేన్ అన్నారు. ఫొటో పక్కన కుర్చీలో కూర్చున్న జయశీల కళ్ళు తుడుచుకుంటుంటే, భర్త కోసమనుకుని ఆడవాళ్ళు వీపు నిమిరారు. నాకైతే ఒళ్ళు మండిపోయింది.

జనం కదలగానే జయశీల లైటు తగ్గించింది. నీళ్ళు మార్చింది. అయినా లాభం లేకపోయింది; కొత్త లైటు సంగతి కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఒక్కొక్కటే కుళ్ళి రాళ్ళ మీద నుంచి జారిపోయాయి. నెల తిరిగేసరికి తొట్టిలో ఉత్త రాళ్ళు మిగిలాయి.

ఒక ఆదివారం ప్రార్థన అయి గుడి విడిచాక బెన్హర్ వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. తొట్టి చూసి నిజంగానే నొచ్చుకున్నాడు.

"దిగులు పడమాక వదినా. ప్లాస్టిక్‌వి దొరకతాయి, అచ్చం ఇట్టాగే ఉంటాయి. లైటు ఎంత పెట్టినా చావవు గూడా. రేపే ఆర్డరు పెడతా."

జయశీల కాఫీ గ్లాసు అతని చేతికిచ్చింది.

"పెట్టు అబ్బయ్యా. అట్టనే మీ అన్న గూడా దొరకతాడేమో చూడు."