గోల చేసే గిటారు

కల్లూరులో మా పక్కింట్లో ఉండే వెల్డింగు మేస్త్రీకి ఏ వస్తువు కనబడినా వేలితో కొట్టి వినే అలవాటు. సాయంత్రాలు భార్య పక్కన కూర్చుని గిటారు వాయించేవాడు. వినికిడి తగ్గిపోయాక ఆమె వినబడినట్టు ఊరికే తల ఊపేది. అది ఆయన కనిపెట్టాడు.

పాత తలుపు చెక్కతో కొత్త గిటారు మొదలుపెట్టాడు. శబ్దం పెరగాలంటే దాని కడుపులో పల్చటి స్టీలు పళ్లెం బిగించాలట. పాతసామాన్ల అంగడిలో పళ్లేలన్నీ కొట్టి చూస్తుంటే, "ఏమప్పా, పెండ్లిభోజనాలు పెడతాండావా?" అన్నాడు అంగడాయన.

"పలికేది కావల్లప్పా," అన్నాడు మేస్త్రీ.

గిటారు తయారైన రోజు ఆమె వెనక నిలబడి మీటాడు. వీధిలోకి వినబడింది. ఆమె ఉలిక్కిపడి తిరిగింది.

"అబ్బా, ఏం గోలయ్యా! ఆపు."

"ఇనపడిందా?"

"ఇనపడకేం? ఆపు సామీ!"

ఆయన కళ్లు తుడుచుకుని ఇంకా గట్టిగా మీటాడు. వీధిలో మేమెవ్వరం ఆపమనలేదు.