రెండు ముడుల పండు

2022 వేసవి. తిరుపతి బస్టాండుకు దగ్గర్లో, మేడ మీద చిన్న గదిలో నా దుకాణం. పాత వీడియో గేములు బాగుచేయడం నా పని. ఇదీ ఒక పనేనా అని మా చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. అటక మీది క్యాసెట్లు దించి తెచ్చేవాళ్ళు ఉన్నంతకాలం పనేనని చెప్తాను.

అలా వచ్చినవాడే మునివేలు. నగరిలో చీరలు నేస్తాడు, నలభై దాటిన మనిషి. పెళ్ళికి ముందు కొన్న గేము క్యాసెట్ ఒకటి బల్ల మీద పెట్టాడు. అందులో ఇద్దరు పోటీపడి చెట్ల మీంచి రాలే పండ్లు పట్టుకోవాలి. ఎర్ర పండు పడితే బలం, ఆకుపచ్చది పడితే ప్రాణం పోతుంది.

"ఈ పండ్లు సరిగా తెలీడం లేదక్కా. కొంచిం మార్చి ఇయ్యి," అన్నాడు.

ఆ కాలం ఆటల్లో బొమ్మలన్నీ చిన్న చదరపు ముక్కలే. అడ్డం ఎనిమిది చుక్కలు, నిలువు ఎనిమిది చుక్కలు. ఆ ముక్కను టైల్ అంటారు. క్యాసెట్‌లో ఉన్నదాన్ని కంప్యూటర్‌లోకి తీసుకుని టైల్ ఎడిటర్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే, టైల్స్ అన్నీ వరసగా కనిపిస్తాయి. ఒక్కో చుక్కా చెరిపి మళ్ళీ గీసుకోవచ్చు. ఏ చుక్కకు ఏ రంగో చెప్పే పట్టిక వేరుగా ఉంటుంది, దాని పేరు పాలెట్. రంగులు మరీ వెలిసినట్టు ఉన్నాయి కాబోలనుకుని నేను పాలెట్ మార్చాను. ఎరుపును ఇంకా ఎర్రగా, ఆకుపచ్చను ఇంకా పచ్చగా చేసి, కొత్త చిప్‌లోకి రాసి ఇచ్చాను. గంట పని. చాలా గొప్పగా చేశాననుకున్నాను.

వారానికి మళ్ళీ వచ్చాడు. "అట్లే ఉండాదక్కా. ఏం మారలే."

నాకు ఒళ్ళు మండింది. టీవీకి తగిలించి చూపించాను. "ఇంత తేడా ఉంటే మారలేదంటావేందప్పా? కండ్లు కనపడవా నీకు?"

అతను తెర వైపు చూసి, గొంతు తగ్గించాడు. "కనపడతాయక్కా. ఆ రెండు రంగులు మాత్రం నాకు ఒకటే మాదిరి ఉంటాయి. పుట్టినప్పట్నించి అంతే."

నోరు జారినందుకు సిగ్గుతో చచ్చిపోయాను. చీరలు నేసే మనిషి! మరి మగ్గం మీద ఎలాగని అడిగాను.

"కండెలకు నూలు చుట్టేది మా ఇంటామె. ఎర్రనూలు కొసన ఒక ముడి ఏస్తాది, పచ్చనూలుకు రెండు. చేత్తో తడిమి చూసుకుంటా. మా ఇద్దరికి తప్ప ఎవురికీ తెలీదు. తెలిస్తే నాకు పని ఎవురిస్తారు?"

"మరి ఈ ఆట కోసం ఇంత తిరుగుడు ఎందుకు?"

"మా పాప కావ్యకు తొమ్మిదేండ్లు. దాన్ని గెలిపించేదానికి నేను కావాలనే పచ్చపండ్లు పడతా ఉండానని అనుకుంటాది. 'నన్ను చిన్నపిల్లను చేస్తా ఉండావు, నీతో ఆడను పో' అనింది. పదిదినాలుగా నాతో సరిగా మాట్లాడడమే లేదు. ఒక్కసారైనా దాంతో సమంగా ఆడాలక్కా."

అంతలో తనే అన్నాడు. "పచ్చపండుకు కూడా రెండు ముడులు ఏస్తే?"

ఆ ఆలోచన నాకు రానందుకు కొంచెం ఉడుక్కున్నాను కూడా. అప్పటికప్పుడు ఎడిటర్ తెరిచి, పండు తొడిమ మీద రెండు బుడిపెలు గీసి ఆట నడిపాను. ఎర్రపండుకూ ముడులు వచ్చాయి! క్యాసెట్‌లో చోటు కలిసొస్తుందని అప్పటి తయారీదారులు రెండు పండ్లకూ ఒకే టైల్ వాడి, పాలెట్ మాత్రం మార్చేవారు. ఈ సంగతి తెలిసినదాన్నే, తొందరలో మరిచిపోయాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఖాళీగా ఉన్న టైల్ ఒకటి వెతికి ముడుల పండును అందులో గీశాను. ఆకుపచ్చ పండు రాలినప్పుడల్లా ఆట ఆ కొత్త టైల్‌నే పిలవాలి. ఏ టైల్‌ను పిలవాలో చెప్పే నంబరు ఆటలో ఎక్కడుందో కనుక్కోవడానికి మూడు రోజులు పట్టింది.

చిప్ సిద్ధమయ్యాక కావ్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్ల ముఖం ముడుచుకునే కూర్చుంది. ఆట మొదలైంది. మునివేలు ముడుల పండ్లన్నీ తప్పించుకుని గెలిచాడు. కావ్య తెర దగ్గరికి వెళ్ళి చూసింది.

"ఈ పండుకు ఈ బుడిపెలు ఎందుకు నాయనా?"

కంపెనీవాళ్ళే అలా చేశారని చెప్పబోయాను. అతను నన్ను ఆపి, పిల్లను దగ్గరికి తీసుకున్నాడు. "నాకు ఎరుపు, పచ్చ ఒకటే మాదిరి కనపడతాయి కన్నా. ముడి చూసి తెలుసుకుంటా. ఈ మాట బయట చెప్పగూడదు."

"అయితే ముందంతా నిజంగానే ఓడిపోయినావా?"

"నిజంగానే."

ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. "అంటే నేను నిజంగానే గెలిచినానా!"

గది దద్దరిల్లేలా గెంతింది. మునివేలు కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను, దాచడమెందుకు.

పేర్లు మార్చి రాయడానికి అతను ఒప్పుకున్నాడు కాబట్టి ఇది రాస్తున్నాను. ఇప్పుడు ఎవరైనా బొమ్మ బాగాలేదంటే వెంటనే ఎడిటర్ తెరవను. "నీకెట్లా కనిపిస్తోంది, చెప్పు" అని ముందు అడుగుతాను. ఈ ఒక్క ప్రశ్న నేర్చుకోవడానికి నాకు పదిహేనేళ్ళ పని చాలలేదు, ఒక మంచి మనిషిని నొప్పించాల్సి వచ్చింది.