సెమికోలన్ తర్వాత రెండు ఖాళీలు

సర్కారు నౌకరీ మీద ఆశతో ఆత్మకూర్ ఎస్తేరు బీఎస్సీ అయిపోగానే మహబూబ్‌నగర్‌లో టైపు నేర్చుకుంది. లోయర్, హయ్యర్ రెండూ పాసైంది. నౌకరీ మాత్రం రాలేదు. ప్రేమ్‌సాగర్‌తో పెళ్లయింది, మెర్సీ పుట్టింది. చల్లగాలి తగిలితే చాలు, మెర్సీకి ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. పాప ఊపిరి వినపడనంత దూరం వెళ్లడానికి ఎస్తేరుకు కాళ్లాడవు.

ఇంట్లో కూర్చుని చేసుకునే పని కోసమే ఆమె వెబ్ పేజీలకు కోడ్ రాసే జావాస్క్రిప్ట్ నేర్చుకుంది. హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీ ఆమెకు పరీక్ష పెట్టింది. ఒక ఊరికి ఇంకా రావలసిన బస్సులను చూపే పేజీ రాసి సాయంత్రంలోగా పంపాలి. కోడ్‌ను నడపకముందే చదివి తప్పున్నచోట ఎర్రగీత గీసే లింటర్, అందులో ఒక్క తప్పూ చూపకూడదు. నెగ్గితే ఇంటి నుంచే పని. నెగ్గకపోతే పాపను వదిలి హైదరాబాద్ ఆఫీసులో శిక్షణకు చేరాలి.

పొద్దున పేజీ రాసి, మధ్యాహ్నం కోడ్ రాసే ఎడిటర్‌లో లింటర్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంది. ఒక్క గీత కూడా రాలేదు. సంతోషం బదులు అనుమానం కలిగింది. పనిచేస్తోందో లేదో తెలియని మీటరు సున్నా చూపితే నమ్మకూడదని బీఎస్సీ ల్యాబ్‌లో నేర్చుకుంది. విలువకు పేరు పెట్టి ఎక్కడా వాడకపోతే లింటర్ దృష్టిలో తప్పే కాబట్టి, కావాలనే అలా వాడని వేరియబుల్ ఒకటి రాసి చూసింది. అప్పుడూ గీత రాలేదు.

వెతికితే తెలిసింది, ఎక్స్‌టెన్షన్ లింటర్ చెప్పే కబురును ఎడిటర్‌కు మోసేది మాత్రమేనని. అసలు లింటర్‌ను విడిగా తెచ్చుకోవాలి. ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్‌లో అడిగితే, ఈ కంప్యూటర్‌లో స్క్రిప్టులు నడపడం కుదరదని విండోస్ మొండికేసింది. అలాంటిదే పాతది, కమాండ్ ప్రాంప్ట్‌కు మారితే నడిచింది. ఏది తప్పో లింటర్‌కు చెప్పే ఫైలు కూడా కంపెనీ ఇచ్చిన నియమాలతో రాసింది. ఎర్రగీత మాత్రం లేదు. చివరికి తాను ఫోల్డర్ తెరవకుండా ఒక్క ఫైలునే తెరిచానని గమనించింది. నియమాలన్నీ ఫోల్డర్‌లో ఉన్నాయి మరి.

ఫోల్డర్ తెరవగానే పేజీ అంతా ఎర్రబడింది. తొట్టె ఊపుతున్న అత్త బాలనర్సమ్మ తొంగి చూసింది.

"ఏంది బిడ్డా, ఖరాబైందా?"

"లేదత్తమ్మా, తప్పులు చూపెడుతాంది. ఏం లేని జాగల గీతలేందో సమజైతలేదు."

కావాలని రాసిన వేరియబుల్ తీసేసినా గీతలు తగ్గలేదు. అన్నీ వరుసల చివరే, అక్షరమే లేని చోట. కర్సర్‌ను వరుస చివరకు పంపింది. అది సెమికోలన్ దాటి రెండు ఖాళీల అవతల ఆగింది. ఈ ఖాళీలు ఎవరు పెట్టారు? తన చేతులనే గమనిస్తూ కొత్త వరుస ఒకటి కొట్టింది. సెమికోలన్ పడగానే బొటనవేలు దానంతటదే స్పేస్ బారు మీద రెండుసార్లు పడింది. వాక్యం ముగిశాక రెండు ఖాళీలు వదలకపోతే, టైపు ఇన్‌స్టిట్యూట్‌లో వీరేశం సారు పేజీ మొత్తం మళ్లీ కొట్టించేవాడు. కోడ్‌లో వాక్యం సెమికోలన్‌తో ముగుస్తుందని వేలు తనంతట తానే తేల్చుకుంది.

సంగతి చెబితే బాలనర్సమ్మ నవ్వింది. "టైపు పరీక్ష పాసై ఎన్నేండ్లాయె, నీ బొటనేలుకు జెప్పలేదా?"

వరుస చివర ఖాళీ ఉండకూడదన్న నియమాన్ని తీసేస్తే గీతలన్నీ పోతాయి. కానీ కంపెనీవాళ్లు తమ నియమాలతోనే చూస్తారు. లింటర్‌నే సరిదిద్దమంటే ఖాళీలన్నీ ఒక్క దెబ్బకు పోయాయి. అప్పుడు కనబడింది, అంత ఎరుపు కింద దాగిన ఒకే ఒక్క గీత. వెళ్లిపోయిన బస్సులను తీసేసి కొత్త జాబితా చేసింది గానీ, తెరమీద చూపించింది పాతదాన్నే. కొత్తదాన్ని ఎక్కడా వాడలేదు. పొద్దున చూసుకున్నప్పుడు బస్సులన్నీ ఇంకా రావలసినవే కాబట్టి తేడా తెలియలేదు. దిద్ది పంపింది.

పొద్దుగూకే వేళకు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. మిగతా చాలామంది పేజీల్లో వెళ్లిపోయిన బస్సులు అలాగే ఉన్నాయని, ఆమెది మాత్రం సరిగ్గా ఉందని, ఆమె సోమవారం నుంచి ఇంటి నుంచే పనిచేయవచ్చని అవతలి మనిషి చెప్పాడు.

"ఏమన్నడు? పోవాల్నా?" అంది బాలనర్సమ్మ.

"పోవుడు లేదత్తమ్మా. ఈడ్నే."

బాలనర్సమ్మ లేచి మంచం కింది నుంచి సంచి లాగింది. అందులో మెర్సీ స్వెటర్లతో పాటు అత్త చీరలు కూడా మడతపెట్టి ఉన్నాయి.

"నువ్వు పోవాల్సొస్తే పాపనెత్తుకొని నేనుగూడ నీతోని వద్దామనుకున్న," అంటూ వాటిని ఒక్కొక్కటిగా బీరువాలో సర్దసాగింది.