పిన్నీసుతో తీసిన గులిమి

నేను రిటైరైన కొత్తలో, ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే పాసింజరులో నా ఎదుట చేపల చెరువు కాపలాదారు, అతని భార్య కూర్చున్నారు. ఆమె రెండు చెవుల్లోనూ దూది ఉంది.

“గులిమి పట్టిందంటే పిన్నీసుతో నేనే తీశానండి. పొరలు చిరిగి చీము పట్టిందంటండి. చుక్కల మందుకి మెత్తబడి అదే వచ్చేసేదని డాక్టరుగారు తిట్టారు. ఇక సరిగ్గా వినపడదంటండి,” అన్నాడతను. ఆమె వైపు తిరిగి, “ఏమే గేదె మొహమా, ఇప్పుడెంత తిట్టినా నీకు సుఖమే కదే!” అని నవ్వాడు.

అతను నవ్వాడని ఆమె కూడా నవ్వింది. పెట్టెలో అందరం నవ్వాం.

భీమడోలులో అతను టీకి దిగగానే ఆమె నా వైపు వంగింది. “ఏమన్నారండీ ఆయన? తగ్గిపోతుందనేనా?”

అవునని తల ఊపాను.

ఆనాటి డైరీలో రైలు ఆలస్యమని మాత్రం రాసుకున్నాను.