అడిగి తెచ్చిన మంచం

నలిగిన వేపాకు వాసన తగిలితే ఇప్పటికీ నా వీపు దురద పెడుతుంది.

రెండో తరగతి వేసవి సెలవులకి గట్టు అనే ఊళ్లో ఉండే అవ్వ దగ్గరికి వెళ్లాను. మర్నాటికే ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు లేచి, ఒక కన్ను వాచి మూసుకుపోయింది. అవ్వ చూసి చెంపలు వేసుకుంది. "అమ్మతల్లి పోసింది" అని గుమ్మానికి వేపకొమ్మలు కట్టి, నన్ను నులక మంచం దిగనివ్వలేదు. స్నానం లేదు, గోక్కోకూడదు. దురద ఆగకపోతే వేపరెమ్మతో నిమిరేది.

దద్దుర్లు రోజురోజుకీ పెరిగాయి. "అవ్వా, ఈ మంచం మీదనే దురద ఎక్కువైతుంది, కింద పండుకుంట" అని ఏడిస్తే, ఆమె నాకే చేతులు జోడించింది.

"జర శాంతించు తల్లీ. పిల్లకు ఏం తెల్వదు."

నా నోటితో మాట్లాడుతున్నది నేను కాదేమోనని భయమేసింది. ఏడవడం కూడా మానేశాను.

నాలుగో రోజు వనపర్తి నుంచి అమ్మ వచ్చింది. నా వీపు చూసి, మంచాన్ని ఎండలోకి ఈడ్చి కర్రతో కొట్టింది. నులక సందుల్లోంచి నల్లులు జలజలా రాలాయి.

"నిన్ను కుట్టలేదా అమ్మా?" అని అవ్వని అడిగింది.

అవ్వ వాటినే చూస్తూ నిలబడింది. "నేను ఎప్పుడూ కిందనే గద పండేది. మంచం అలవాటున్న పిల్ల నేల మీద ఎట్ల పండుతదని, పక్కింట్ల అడిగి తెచ్చిన."

అవ్వకి మంచమే లేదన్న సంగతి, ఒంటి మీద మచ్చలన్నీ పోయిన చాలా ఏళ్లకి గాని నాకు తట్టలేదు.